విష్‌బోన్ బుష్‌లు మార్చాక బోల్టులు ఎప్పుడు బిగించాలి?

పాత స్పోర్ట్స్ కారుకి ముందు సస్పెన్షన్‌లో విష్‌బోన్ (చక్రాన్ని కారు బాడీకి కలుపుతూ పైకీ కిందకీ ఊగే ఆర్మ్) కీళ్లలోని రబ్బరు బుష్‌లు మారుస్తున్నారా? కారు స్టాండ్ల మీద, చక్రాలు వేలాడుతూ ఉండగా పివట్ బోల్టులు (బుష్‌ల గుండా వెళ్లే, ఆర్మ్ ఊగే ఇరుసు బోల్టులు) పూర్తిగా బిగించేయకండి. బోల్టు బిగిశాక బుష్ లోపలి ఇనప గొట్టం కదలదు; ఆర్మ్ ఊగిన ప్రతిసారీ మెలి తిరగాల్సింది రబ్బరే. వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. త్వరగా చిరుగుతుంది, కారు ముందు భాగం కాస్త ఎత్తుగానూ నిలబడుతుంది. స్ప్రింగుల్లోనే తప్పుందని చాలామంది పొరబడేది ఇక్కడే.

నట్లు చివరిదాకా ఎక్కించి, కాస్త వదులుగా ఉంచి కారు దించండి. టైర్లు నేలను పట్టేసి సస్పెన్షన్‌ని సర్దుకోనివ్వవు కాబట్టి రెండు మూడు అడుగులు ముందుకీ వెనక్కీ తోయండి, ముందు భాగాన్ని గట్టిగా నొక్కి వదలండి. అప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించండి. కింద దూరడానికి చోటు లేకపోతే నాలుగు చక్రాల కిందా సమాన మందం పలకలు వేయండి. జాకీ మీద మాత్రం నమ్మకంతో దూరొద్దు.

పాలీయురథేన్ బుష్‌లు సాధారణంగా గొట్టం మీద తిరుగుతాయి కాబట్టి ఈ బెడద ఉండదు. వాటికి సిలికాన్ గ్రీజు రాయకపోతే మాత్రం కీచుమంటాయి.

ఈ పనిలో విప్పిన బాల్ జాయింట్ (ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే కీలు) నట్‌లో స్ప్లిట్ పిన్ (నట్ ఊడకుండా దూర్చే పిన్ను) రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించండి, వదులు చేయకండి.