పాలమూరు ఎండకు పాడైన నెట్‌ను ఇలా బాగుచేశాం

మహబూబ్‌నగర్‌లో మా క్రికెట్ క్లబ్ ప్రాక్టీస్ నెట్ ఎండకు పెళుసెక్కింది. ఒకచోట కుడితే పక్కన తెగేది. చేపల వల కడదామన్నారు కొందరు. చవకే, కానీ తోలు బంతి ముందు ఆగదు. చివరికి ఎండలోని యూవీ కిరణాలను తట్టుకునే హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) వల తెచ్చాం.

అసలు పనంతా కట్టడంలోనే ఉంది. వల బిగుతుగా ఉంటే బంతి ఎగిరి బ్యాటర్ మీదికే వస్తుంది. అందుకే పైన స్టీల్ వైరుకు వేలాడదీసి, పక్కల కాస్త వదులుగా ఉంచాం. కింద జానెడు వల నేల మీద పడేలా వదిలాం, లేకపోతే బంతి కింది నుంచి జారిపోతుంది. ఎక్కువ దెబ్బలు తినే బ్యాటర్ వెనక వైపు రెండు పొరలు వేశాం. తుప్పు పట్టిన పైపులు గీకి, తుప్పును ఆపే రెడాక్సైడ్ రంగు పూశాం. పిచ్ మీద పరిచే మ్యాట్ కింద ఎర్రమట్టి తడిపి రోలర్ తిప్పడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.