ప్రార్థన పెదవుల దగ్గరే ఆగిపోతుంటే: సమస్య, కారణం, పరిష్కారం

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో నేను తరచుగా వినే మాట ఇది: “రోజూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను, మనసుకు మాత్రం ఏమీ తాకడం లేదు.” విశ్వాసం సన్నగిల్లిందని హడలిపోయి ఉపవాసాలు పెంచేస్తారు. ముందు ఆ పని ఆపండి. చాలాసార్లు లోపం విశ్వాసంలో ఉండదు, దేవునికి చెప్పకుండా దాచిన ఒక్క మాటలో ఉంటుంది.

సమస్య: అయినదానికీ కానిదానికీ కోపం, ముఖం ముడుచుకోవడం

కారణం: ఎవరి మీదో పేరుకున్న అక్కసు. బైబిలులో ఆదికాండము 4వ అధ్యాయంలో, కయీను తన తమ్ముణ్ణి చంపకముందే దేవుడు అతణ్ణి అడిగాడు: ఎందుకీ కోపం, ముఖం ఎందుకు చిన్నబోయింది? కయీను జవాబు చెప్పినట్టు అక్కడ లేదు. అడిగినప్పుడు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

ఆస్తి పంపకాల తగాదా ఉన్న ఇంట్లో సాయంకాల ప్రార్థన గమనించండి. “మా తమ్ముణ్ణి దీవించు ప్రభువా” అనే చోట గొంతు హెచ్చుతుంది, మాట తొందరపడుతుంది, వెంటనే మరో మనవిలోకి దాటేస్తారు. ఆ తొందరే హెచ్చరిక.

పరిష్కారం: అక్కడే ఆగండి. “ప్రభువా, వాణ్ణి దీవించాలని నాకు లేదు. కాలువ పక్క పొలం వాడికి పోయిందని కడుపు మండుతోంది” అని ఉన్నదున్నట్టు చెప్పండి. మనసులో లేని దీవెన కన్నా ఈ మంట దేవుని ముందు పెట్టడమే మేలని నా గట్టి నమ్మకం. దీవెన తర్వాత వస్తుంది, కొందరికి చాలా ఆలస్యంగా.

సమస్య: నిద్ర పట్టదు, అడిగితే “అంతా దేవుని చిత్తం” అంటారు

ఇది చాలాసార్లు భయం. కొడుకు సూరత్ మరమగ్గాల పనికి వెళ్లాడు, ఫోను రావడం లేదు. తల్లి “అంతా దేవుని చిత్తం” అంటూనే కొంగుతో ఫోను అద్దం పదేపదే తుడుస్తూ ఉంటుంది. నోరు ఒప్పుకుంది, చేతులు ఒప్పుకోలేదు.

ఆమె 13వ కీర్తన చదవాలి. మొదటి రెండు వచనాల్లోనే ఎంతకాలం, ఎంతవరకు అని దేవుణ్ణి నిలదీయడం ఉంది. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగుస్తుంది. అలా అడగడం భక్తిహీనత అయితే అవి కీర్తనల్లో ఉండేవే కావు. “నాకు భయంగా ఉంది, వాడు ఎలా ఉన్నాడో చెప్పు” అన్నదీ ప్రార్థనే.

సమస్య: మాటలు ధారాళం, లోపల ఖాళీ

పాస్టరుగారి మాటలు అరువు తెచ్చుకున్నప్పుడు ఇలా అవుతుంది. మన పిల్లలకు మరీ కష్టం: బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, ప్రార్థనకు మాత్రం గ్రాంథికం. అమ్మతో మాట్లాడినట్టే మాట్లాడనివ్వండి, మధ్యలో ఒడియా దొర్లినా సరే. లూకా 18లో సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) చేసిన ప్రార్థన ఒక్క వాక్యమే.

సమస్య: ఇక బతకాలని లేదు

దీన్ని పాపమని గద్దించకండి. 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త తన ప్రాణం తీసేయమని అడిగితే, దేవుడు ముందు నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు పంపించాడు. ఈ మాట దేవునికీ చెప్పండి, ఇంట్లో ఒకరికీ, డాక్టరుకూ చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత సహాయవాణి నంబరు 14416. వినేవాళ్లు “ప్రార్థన చేస్తాంలే” అని పంపేయకుండా, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, ఆసుపత్రికి వెంట వెళ్లండి.