తక్కువ కరెంటుతో కెపాసిటెన్స్ కొలత – 3వ పాఠం: సెన్సర్‌నే తూచే కన్వర్టర్

తేమను పీల్చుకున్న పాలిమర్ పొర వల్ల తేమ సెన్సర్ కెపాసిటెన్స్ (చార్జిని నిలుపుకునే సామర్థ్యం) ఎందుకు పెరుగుతుందో గత పాఠంలో చూశాం. ఆ పెరుగుదలను అంకెగా మార్చే సర్క్యూట్‌ను, అంటే కన్వర్టర్‌ను, ఎంచుకునే ముందు చేతిలో ఉన్న శక్తి ఎంతో లెక్క వేసుకోవాలి. సీఆర్2032 బటన్ బ్యాటరీలో సుమారు 225 మిల్లీ ఆంపియర్ గంటల చార్జి ఉంటుంది. పదేళ్లంటే దాదాపు 87,600 గంటలు కాబట్టి, బ్యాటరీ తనంతట తాను కోల్పోయే చార్జిని పక్కన పెట్టినా, సర్క్యూట్ మొత్తానికి సగటున 2.6 మైక్రో ఆంపియర్లకు మించి దక్కదు. సెన్సర్ సిగ్నల్‌ను పెంచడానికి ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఆప్-ఆంప్ (యాంప్లిఫయర్) ఒక్కటే 100 మైక్రో ఆంపియర్లు తీసుకుంటే ఆ బ్యాటరీ 2,250 గంటల్లో, అంటే మూడు నెలలు దాటగానే, ఖాళీ అవుతుంది.

అందుకని ఆప్-ఆంప్‌ను తీసేసి, సెన్సర్‌నే కన్వర్టర్‌లో భాగం చేద్దాం. దీనికి ఆధారం 1975లో బర్క్‌లీలో మెక్‌క్రియరీ, గ్రే ప్రచురించిన చార్జి పునర్విభజన పద్ధతి. ఇది త్రాసులో పెద్ద రాయి నుంచి చిన్న రాయి వరకు ఒక్కొక్కటే వేసి చూడడం లాంటిది.

సెన్సర్ పై పలకనూ, 4, 2, 1, 0.5 పికోఫారడ్ల కెపాసిటర్ల పై పలకలనూ ఒకే తీగకు కలిపి, ఆ తీగను కంపారేటర్‌కు, అంటే తీగ వోల్టేజీ రిఫరెన్స్ వోల్టేజీకి పైన ఉందో కింద ఉందో చెప్పే సర్క్యూట్‌కు, ఇవ్వండి. మొదట రీసెట్ స్విచ్ ఆ తీగను రిఫరెన్స్ వోల్టేజీ వద్ద పట్టి ఉంచుతుంది. అప్పుడు సెన్సర్ కింది పలక సప్లైకీ, మిగతావాటి కింది పలకలు గ్రౌండ్‌కూ కలిసి ఉంటాయి. రీసెట్ స్విచ్ తెరిచి సెన్సర్ కింది పలకను గ్రౌండ్‌కు మార్చగానే తీగ వోల్టేజీ పడిపోతుంది. ఇక 4 పికోఫారడ్ల కెపాసిటర్ కింది పలకను సప్లైకి మార్చండి. తీగ ఇంకా రిఫరెన్స్ కన్నా కిందే ఉంటే దానిని అలాగే ఉంచి బిట్ 1 అని రాసుకోవాలి. పైకి వెళితే గ్రౌండ్‌కు తిప్పి 0 రాసుకోవాలి. సెన్సర్ 5.3 పికోఫారడ్లు అయితే 4 నిలుస్తుంది, 2 వెనక్కి వస్తుంది, 1 నిలుస్తుంది, 0.5 వెనక్కి వస్తుంది. కోడ్ 1010, అంటే విలువ 5.0కూ 5.5కూ మధ్య.

ఈ అమరికలో నాకు బాగా నచ్చేది తీగకూ గ్రౌండ్‌కూ మధ్య ఉండే అనవసరపు కెపాసిటెన్స్ సంగతి. అది వోల్టేజీ మార్పులన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తుందే తప్ప సమతూకం ఎక్కడ కుదురుతుందో మార్చదు. కంపారేటర్ మాత్రం మరింత చిన్న తేడాను గుర్తించాల్సి వస్తుంది.

ఇక శక్తి. 10 పికోఫారడ్లను 3 వోల్టులకు చార్జి చేయడానికి సప్లై 90 పికో జౌల్లు ఇస్తుంది. అందులో సగం, స్విచ్ నిరోధం ఎంతైనా సరే, వేడిగా పోతుంది. సప్లైని 1 వోల్టుకు దించితే 10 పికో జౌల్లు చాలు. అయితే ఆ 1 వోల్టును, మిగిలిన వోల్టేజీని వేడిగా వదిలేసే లీనియర్ రెగ్యులేటర్‌తో తయారు చేస్తే అదే చార్జి బ్యాటరీ నుంచి 3 వోల్టుల వద్దనే వస్తుంది కనుక ఖర్చు 30 పికో జౌల్లవుతుంది, తొమ్మిదింతల లాభం మూడింతలకు తగ్గుతుంది. మిగతాది రాబట్టాలంటే వోల్టేజీని మూడో వంతుకు దించే స్విచ్డ్ కెపాసిటర్ కన్వర్టర్ కావాలి.

కానీ సెకనుకు ఒక్కసారి కొలిచే సెన్సర్‌లో ఈ పికో జౌల్ల కన్నా లీకేజీ, అంటే పనిలేనప్పుడూ కారిపోయే కరెంటు, ముఖ్యం. నిద్రలో (రెండు కొలతల మధ్య) 100 నానో ఆంపియర్లు కారితే 3 వోల్టుల వద్ద సెకనుకు 300 నానో జౌల్లు పోతాయి; ఇది పై 90 పికో జౌల్లకు మూడు వేల రెట్లకు పైగా. కాబట్టి ఒక్కో కొలతకు అతి తక్కువ శక్తి అని చాటే కన్వర్టర్‌ను చూసి మురిసిపోకుండా, నిద్ర కరెంటును ముందు చూడండి. ఇలాంటి పనికి, లీకేజీ ఎక్కువగా ఉండే సూక్ష్మమైన చిప్ తయారీ పద్ధతికన్నా పాత 180 నానోమీటర్ల పద్ధతే చాలాసార్లు మేలు.

అభ్యాసం: సెన్సర్ 3.2 పికోఫారడ్లు అయితే కోడ్ ఎంత? రేడియో 3 వోల్టుల వద్ద 5 మిల్లీ ఆంపియర్లతో 2 మిల్లీ సెకన్లు పనిచేస్తే, ఆ శక్తి ఎన్ని సెకన్ల నిద్ర లీకేజీకి సమానం? రేడియోను ఎప్పుడు లేపాలో తేల్చే 4వ పాఠం ఈ రెండో జవాబుతోనే మొదలవుతుంది.