టైమింగ్ బెల్ట్ మీరే మార్చుకోండి – 4వ భాగం: క్యామ్‌లు కదలకుండా కొత్త బెల్ట్ ఎక్కించడం

పోయిన భాగంలో కవర్లు విప్పి, క్రాంక్ పుల్లీ తీసి, పాత బెల్ట్ పూర్తిగా కనిపించేదాకా వచ్చాం. పిస్టన్లు తిప్పే క్రాంక్‌నీ, వాల్వ్‌లు తెరిచే క్యామ్‌లనీ కలిపి తిప్పేది ఈ బెల్టే. బెల్ట్ ఇంకా ఇంజన్ మీదే ఉంది, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌ని ఎవరూ ముట్టుకోలేదు కదా? ముట్టుకోకండి, ఎందుకంటే ఇవాళ్టి పనిలో సగం పాత బెల్ట్ ఉండగానే చేసేది. నాలుగు సిలిండర్లు వరుసగా, పైన రెండు క్యామ్‌లు, స్ప్రాకెట్లకి (బెల్ట్ తిరిగే పళ్ళ చక్రాలకి) కీ, అంటే షాఫ్ట్ మీద జారకుండా ఆపే చిన్న ఇనప ముక్క, ఉన్న ఇంజన్‌ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. కొన్ని ఇంజన్లలో స్ప్రాకెట్‌కి కీ ఉండదు, బోల్ట్ బిగింపు మీదే నిలబడుతుంది. అలాంటివాటిలో బోల్ట్ వదులు చేస్తే టైమింగ్ పోయినట్టే, వాటి సంగతి వేరే పాఠం. క్రాంక్, క్యామ్‌లు సరైన చోట ఉన్నాయని చెప్పే మార్కులు ఎక్కడుంటాయన్నది మాత్రం మీ బండి సర్వీస్ మాన్యువల్లోనే చూసుకోవాలి, దానికి అడ్డదారి లేదు.

ముందు చిన్న లెక్క. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, అందుకే క్యామ్ స్ప్రాకెట్‌కి సరిగ్గా రెట్టింపు పళ్ళుంటాయి. క్రాంక్‌కి 20, క్యామ్‌కి 40 అనుకోండి. క్యామ్ దగ్గర ఒక్క పన్ను తప్పితే క్యామ్ 9 డిగ్రీలు జరిగినట్టు, క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. అంత తేడాతో కూడా ఇంజన్ చాలాసార్లు స్టార్ట్ అవుతుంది, కాకపోతే ఐడిల్‌లో వణుకుతుంది, సరిగ్గా లాగదు, క్రాంక్‌కీ క్యామ్‌కీ పొంతన కుదరడం లేదని పీ0016 లాంటి కోడ్ చూపిస్తుంది. ఇంకా ఎక్కువ తప్పితే, అదీ ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్ అయితే, అంటే తెరిచి ఉన్న వాల్వ్ పైకొచ్చిన పిస్టన్‌కి తగిలే రకమైతే, వాల్వ్‌లు వంగుతాయి. మీది ఏ రకమో తెలియకపోతే అదే రకం అనుకుని పని చేయండి, నష్టం లేదు.

స్పార్క్ ప్లగ్‌లన్నీ తీసేయండి. కంప్రెషన్ లేకపోతే క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది, ఎక్కడైనా ఏదైనా తగిలితే చేతికి తెలుస్తుంది కూడా, ఈ రెండోదే నాకు ముఖ్యం. గేర్ న్యూట్రల్‌లో, చక్రాలకి అడ్డు పెట్టి, బ్యాటరీ వైరు తీసేసి ఉండాలి. పుల్లీ బోల్ట్‌ని మళ్ళీ దాని చోట పెట్టి, రాచెట్‌తో క్రాంక్‌ని ఇంజన్ మామూలుగా తిరిగే దిక్కులోనే తిప్పుతూ ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి, అంటే వాల్వ్‌లు మూసి ఉండగా పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి, తీసుకురండి. క్యామ్ బోల్ట్ పట్టుకుని ఇంజన్ మొత్తాన్ని తిప్పకండి, బెల్ట్ మీద పడే బరువుకి పళ్ళు దెబ్బతింటాయి.

మార్కు విషయంలో చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. టీడీసీకి క్రాంక్ స్ప్రాకెట్ మీద, దాని వెనక ఆయిల్ పంప్ బాడీ మీద ఉండే మార్కులు చూడాలి, పుల్లీ మీదవి నమ్మకూడదు. పుల్లీ అంచుకీ మధ్య భాగానికీ నడుమ రబ్బరు ఉంటుంది, పాతబడితే అంచు జారి మార్కు అబద్ధం చెబుతుంది. పైగా అదే పుల్లీ మీద ఇగ్నిషన్ టైమింగ్ గీతలు కూడా ఉంటాయి, ఏది ఏదో తెలియక జనం తికమకపడతారు. ఇంకొకటి, క్రాంక్ మార్కు కలిసినంత మాత్రాన కంప్రెషన్ టీడీసీ అని కాదు, నాలుగో సిలిండర్ కంప్రెషన్‌లో ఉన్నప్పుడు కూడా అది కలుస్తుంది. క్యామ్ మార్కులు కూడా కలవకపోతే క్రాంక్‌ని ఇంకో పూర్తి చుట్టు తిప్పండి.

ఇప్పుడు పెయింట్ పెన్ తీయండి, వైట్‌నర్ అయినా పర్లేదు. ఇన్‌టేక్ క్యామ్, ఎగ్జాస్ట్ క్యామ్, క్రాంక్, ఈ మూడు చోట్లా స్ప్రాకెట్ పన్ను మీద ఒక గీత, అది దూరిన బెల్ట్ గాడి వెనక ఒక గీత పెట్టండి. కంపెనీ మార్కులు మసకగా ఉంటే హెడ్ (వాల్వ్‌లు, క్యామ్‌లు ఉండే ఇంజన్ పై భాగం) అంచు మీద కూడా మీ సొంత గీత పెట్టుకోండి. తర్వాత రెండు క్యామ్‌ల గీతల మధ్య, క్యామ్ నుంచి క్రాంక్ దాకా, బెల్ట్ పళ్ళు లెక్కపెట్టి కాగితం మీద రాయండి. బెల్ట్ బయటికి వచ్చాక కొత్తదాని పక్కన పెట్టి మొత్తం పళ్ళు సరిపోతున్నాయో లేదో చూసి, ఇవే గీతలు దాని మీదకి ఎక్కించాలి. కొత్త బెల్ట్ మీద బాణం గుర్తు ఉంటే ఇంజన్ తిరిగే దిక్కుకి అది సరిపోవాలి.

బెల్ట్ తీసే ముందు క్యామ్‌ల సంగతి. వాల్వ్ స్ప్రింగులు క్యామ్ లోబ్‌లని (వాల్వ్‌ని నొక్కే ఉబ్బెత్తు భాగాలని) ఎప్పుడూ నెడుతూనే ఉంటాయి. టీడీసీ దగ్గర ఒకటో సిలిండర్ వాల్వ్‌లు మూసుకునే ఉన్నా, మిగతా సిలిండర్లలో ఏదో ఒక లోబ్ వాలు మీద స్ప్రింగ్ కూర్చుని ఉంటుంది. బెల్ట్ పట్టు పోగానే ఆ క్యామ్ టక్‌మని ఒక పక్కకి తిరుగుతుంది. దాన్ని ఆపేదే లాక్ టూల్. కొన్నిటికి రెండు స్ప్రాకెట్ల మధ్య దూర్చే పళ్ళ ముక్క, కొన్నిటికి క్యామ్ వెనక చివరి గాడిలో పెట్టే ఇనప పట్టీ, ఇంకొన్నిటికి స్ప్రాకెట్ రంధ్రంలోంచి హెడ్‌లోకి వెళ్ళే పిన్ను. ఇవి స్ప్రింగు నెట్టే బలాన్ని ఆపడానికే. వీటిమీద ఆధారపడి క్యామ్ బోల్ట్ విప్పితే టూల్ విరుగుతుంది, లేదా క్యామ్ చివర పాడవుతుంది. బోల్ట్ విప్పాల్సి వస్తే స్ప్రాకెట్‌ని పట్టుకునే హ్యాండిల్ వేరే ఉంటుంది.

లాక్ పెట్టాక టెన్షనర్ వదులు చేసి బెల్ట్ తీయండి. లాక్ పెట్టినా క్యామ్ కొద్దిగా జరిగిందా? కంగారు అక్కర్లేదు. నాలుగైదు డిగ్రీలైతే క్యామ్ మధ్యలో ఉండే ఆరు పలకల చోట స్పానర్ పెట్టి నెమ్మదిగా మార్కుకి తెచ్చుకోవచ్చు. బాగా తిరిగిపోతే మాత్రం దాన్ని అలాగే లాగకండి. నాలుగు సిలిండర్ల వరుస ఇంజన్లో క్రాంక్‌ని టీడీసీ నుంచి 90 డిగ్రీలు వెనక్కి తిప్పితే నాలుగు పిస్టన్లూ సిలిండర్ మధ్యకి దిగిపోతాయి, అప్పుడు వాల్వ్‌లకి తగిలేదేమీ ఉండదు. క్యామ్‌ని మార్కుకి తెచ్చి, లాక్ చేసి, ఆ తర్వాత క్రాంక్‌ని టీడీసీకి తీసుకురండి.

అసలు పని ఇప్పుడు. మార్కులు కలిపి బెల్ట్ తొడిగితే అయిపోయిందనుకుంటారు, కానీ వదులంతా ఎటువైపు ఉందన్నదే టైమింగ్‌ని తేలుస్తుంది. ఇంజన్ నడిచేటప్పుడు క్రాంక్ బెల్ట్‌ని తన వైపు లాక్కుంటుంది, క్యామ్ నుంచి క్రాంక్‌లోకి దిగే ఆ వైపు ఎప్పుడూ బిగుతుగా ఉంటుంది. టెన్షనర్ ఉండేది రెండో వైపు, వదులుని మింగడానికి. మీరు ఎక్కించేటప్పుడు బిగువు వైపు కాస్త వదులు మిగిల్చారనుకోండి, మార్కులన్నీ చక్కగా కలిసినట్టే కనిపిస్తాయి. క్రాంక్ తిప్పగానే ముందు ఆ వదులు పోవాలి, ఆ తర్వాతే క్యామ్ కదలాలి, అంతలో మార్కు ఒక పన్ను వెనకపడుతుంది.

అందుకని వరుస ఇలా: ముందు క్రాంక్ స్ప్రాకెట్, తర్వాత బిగువు వైపు ఉన్న ఐడ్లర్ (బెల్ట్‌కి దారి చూపే ఉత్త చక్రం), తర్వాత ఆ వైపు క్యామ్, దాన్నుంచి రెండో క్యామ్, చివరికి టెన్షనర్. వాటర్ పంప్ కూడా ఇదే బెల్ట్ మీద ఉంటే దారిలో అది ఎక్కడుందో చూసుకుని అప్పుడే తొడగాలి. ప్రతి మెట్టులో బెల్ట్‌ని చేత్తో బిగలాగుతూనే ఉండండి. క్యామ్ ఎక్కాక ఆఫీసు కాగితాలకి వాడే బైండర్ క్లిప్ ఒకటి స్ప్రాకెట్ అంచుకీ బెల్ట్‌కీ కలిపి పెట్టేస్తే అది మళ్ళీ దిగిపోదు, ఇంతకన్నా చవకైన అసిస్టెంట్ దొరకడు. పన్ను గాడిలో పడకుండా అర పన్ను తేడాతో ఆగిపోతే ఆ క్యామ్‌ని స్పానర్‌తో పట్టుకుని, లాక్ వదిలి, అర పన్నంత ఇంజన్ తిరిగే దిక్కులో జరిపి బెల్ట్ తొడిగి, మళ్ళీ మార్కుకి వెనక్కి తెచ్చి లాక్ చేయండి. అలా వెనక్కి తెచ్చేటప్పుడే ఆ వైపు బెల్ట్ బిగుసుకుంటుంది. స్క్రూడ్రైవర్‌తో మెలిపెట్టి ఎక్కించకండి, లోపలి తీగలు తెగితే పైకి కనిపించదు.

టెన్షనర్‌ని వదిలే ముందు బిగువు వైపు వేలితో నొక్కి చూడండి. టెన్షనర్ వైపు తప్ప ఎక్కడా బెల్ట్ వేలాడకూడదు. బాగుంటే టెన్షనర్ వదిలి, లాకులూ క్లిప్పులూ అన్నీ తీసి, లెక్కపెట్టుకుని పక్కన పెట్టండి. అప్పుడు క్రాంక్‌ని రాచెట్‌తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. మధ్యలో గట్టిగా ఏదో అడ్డం తగిలితే అక్కడే ఆగాలి, ఇంకొంచెం బలం పెడదాం అనుకోవద్దు, అది పిస్టన్‌కి తగిలిన వాల్వ్ కావచ్చు.

రెండు చుట్ల తర్వాత స్ప్రాకెట్ మార్కులు మళ్ళీ కలవాలి. బెల్ట్ మీద మీరు పెట్టిన గీతలు మాత్రం కలవవు, వాటిని చూసి టెన్షన్ పడకండి. మన లెక్కలో రెండు చుట్లకి బెల్ట్ 40 పళ్ళు మాత్రమే ముందుకెళ్తుంది, దాని మీద వందకు పైగా పళ్ళుంటాయి కదా, మరి గీతలు వేరే చోటుకి పోవడం సహజమే. ఆ గీతల పని ఎక్కించేటప్పుడే అయిపోయింది.

చివరికి ఒక మార్కు అటూ ఇటూ కాకుండా అర పన్ను తేడాగా కనిపిస్తే ముందు కన్ను మార్కుకి ఎదురుగా పెట్టి చూడండి, పై నుంచి ఏటవాలుగా చూస్తే ఏ మార్కైనా తప్పినట్టే ఉంటుంది. అయినా తేడా ఉందనిపిస్తే బెల్ట్ దించి ఆ క్యామ్‌ని ఒక పన్ను జరిపి, మళ్ళీ రెండు చుట్లు తిప్పి చూడండి. తేడా అవతలి వైపుకి ఇంకా ఎక్కువైతే మొదటి స్థానమే సరైనది, దానికే తిరిగి రండి. ఇంజన్ ఇప్పుడే స్టార్ట్ చేయకండి. టెన్షనర్ ముల్లు దాని గాట్లో ఉందో లేదో చూసి బోల్ట్‌ని ఎంత బిగించాలో వచ్చే భాగంలో చూద్దాం.