మాడిన ఫెర్న్ మళ్లీ చిగురించింది

కడియం నర్సరీ నుంచి తెచ్చిన బోస్టన్ ఫెర్న్ విజయవాడలో మా ఇంట్లో రెండు నెలలు కళకళలాడింది. ఏప్రిల్ చివరికల్లా ఆకుల కొసలు మాడిపోయి, ముట్టుకుంటే చాలు చిన్న రెక్కలన్నీ జలజలా రాలేవి. నీళ్లు చాలడం లేదనుకొని రెండు పూటలా పోశాను. ఇంకా నీరసించింది.

కుండీలోంచి పెకలించి చూస్తే అసలు సంగతి తెలిసింది. నేను కలిపిన నల్లరేగడి మట్టి పైన అట్టకట్టి, అడుగున బురదగా ఉంది. వేళ్లు కొన్ని నల్లబడ్డాయి. కుండీ అంచున తెల్లటి పొర, మా బోరు నీటిలోని లవణం అది. పైగా ఏసీ గాలి నేరుగా తగులుతోంది. ఫెర్న్‌కు కావలసింది గాలిలో తేమ, వేళ్ల దగ్గర మడుగు కాదు.

కుళ్లిన వేళ్లు తీసేసి, ఎండిన ఆకులను మొదలంటా కత్తిరించాను. బాగా కడిగిన కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, ఆకు ఎరువు ఒక పాలు, కాస్త ఇసుక కలిపి నాటాను. తూర్పు కిటికీకి కొంచెం ఎడంగా, ఎండ పడని చోట, నీళ్లు పోసిన గులకరాళ్ల పళ్లెం మీద పెట్టాను. కుండీ అడుగు మాత్రం నీటికి తగలకూడదు. పైపొర ఆరడం మొదలయ్యాకే ఆర్వో నీళ్లు పోస్తున్నాను.

మూడో వారంలో నడుమ నుంచి చుట్ట చుట్టుకున్న లేత ఆకు తొంగిచూసింది. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను!

అన్నట్టు, ఆకు వెనుక వరుసగా గోధుమరంగు చుక్కలు కనిపిస్తే పురుగనుకొని మందు కొట్టకండి. అవి సిద్ధబీజాల గుత్తులు, అంటే ఫెర్న్‌కు విత్తనాల బదులు ఉండే స్పోర్లు.