రాడార్ కాంపోజిట్‌లో వాన తప్పుగా కనిపిస్తోందా? సమస్య - పరిష్కారం

హైదరాబాద్, మచిలీపట్నం రాడార్ల డేటా కలిపి ఒకే బొమ్మగా, అంటే కాంపోజిట్‌గా చేసి, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పంచుకునే వాళ్ల కోసం ఇది. ఫైలు తెరవడం, స్క్రిప్టు నడపడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఏ సమస్య వచ్చినా ముందు ఫైలు హెడర్, అంటే డేటా గురించి ఫైల్లో రాసి ఉండే వివరాలు చదవండి. జియోటిఫ్ (మ్యాపు స్థానాలతో ఉండే బొమ్మ ఫైలు) అయితే జీడాల్‌ఇన్ఫో, ఓడిమ్ (రాడార్ డేటాకు వాడే ఫైలు పద్ధతి) ఫైలు అయితే హెచ్5డంప్ నడిపి గెయిన్, ఆఫ్‌సెట్ (ముడి అంకెను గెయిన్‌తో గుణించి ఆఫ్‌సెట్ కలిపితే అసలు విలువ), నోడేటా, అన్‌డిటెక్ట్ (వీటి అర్థం కింద చెబుతాను), ప్రొజెక్షన్, టైము చూడండి. నిమిషం పని. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదులు చాలావరకు అక్కడే తేలిపోతాయి. అయినా ఎవరూ హెడర్ చూడరు, గంటల తరబడి రంగుల స్కేలు మారుస్తూ కూర్చుంటారు. దయచేసి ముందు హెడర్ చూడండి.

వాన ఐదున్నర గంటలు అటూ ఇటూ అయింది

ఓడిమ్‌లో టైము యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయం, మన ఐఎస్‌టీ కంటే ఐదున్నర గంటలు వెనక) రాయాలి. మిర్యాలగూడలో సాయంత్రం 5:30కి పడిన వాన ఫైల్లో 12:00 అని ఉంటే అది సరైనదే. మధ్యలో ఎవరో ఐఎస్‌టీకి మార్చి రాస్తారు, చూపించే సాఫ్ట్‌వేర్ మళ్లీ 5:30 కలుపుతుంది. ఫైల్లో ఎప్పుడూ యూటీసీయే ఉంచండి, తెర మీద మాత్రమే ఐఎస్‌టీ చూపించండి. రోజు మొత్తం వానను వాతావరణ శాఖ లెక్కతో పోలుస్తుంటే, వాళ్ల రోజు ఉదయం 8:30కి, అంటే యూటీసీ 03:00కి ముగుస్తుందని గుర్తుంచుకోండి.

బొమ్మ తలకిందులైంది, లేదా పక్కకు జరిగింది

ఓడిమ్‌లో మొదటి వరుస ఉత్తరం వైపుది. నెట్‌సీడీఎఫ్ (వాతావరణ డేటాకు వాడే ఇంకో రకం) ఫైళ్లు చాలావాటిలో దక్షిణం నుంచి మొదలవుతుంది. హైదరాబాద్ రాడార్ వలయం మధ్య బిందువు బేగంపేట మీద పడుతోందో లేదో చూస్తే చాలు. అర పిక్సెల్ తేడా ఉంటే, పిక్సెల్ మూలను మధ్య అనుకున్నారన్నమాట.

ఆకాశంలో వాన, కాంపోజిట్‌లో ఖాళీ

చాలామందిని ముంచేది ఇదే. ఇది ఎర్రటి బొమ్మతో మొదలవుతుంది. 8 బిట్ల ఓడిమ్ ఫైళ్లలో తరచూ గెయిన్ 0.5, ఆఫ్‌సెట్ -32, అన్‌డిటెక్ట్ 0, నోడేటా 255 ఉంటాయి. అన్‌డిటెక్ట్ అంటే రాడార్ చూసింది, వాన కనపడలేదు. నోడేటా అంటే ఆ చోటును రాడార్ చూడనే లేదు. రెండు రాడార్ల ముడి అంకెల మీద గరిష్ఠం తీస్తే, ఏ ఒక్క రాడార్ చూడని చోటైనా 255 గెలుస్తుంది, అక్కడంతా బొమ్మ 95.5 డీబీజెడ్‌తో (రాడార్‌కు తిరిగొచ్చే ప్రతిధ్వని బలానికి కొలత) ఎర్రబడుతుంది. అది చూసి టెన్షన్ పడి, 255 ఉన్నచోటల్లా 0 పెట్టేస్తారు. బొమ్మ శుభ్రంగా వస్తుంది. పని అయిపోయిందనుకుంటారు.

రెండు రాడార్లూ నడుస్తున్నంత కాలం ఈ తప్పు బయటపడదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్ రాడార్‌కు వంద కిలోమీటర్ల లోపే కాబట్టి అంతా బాగానే కనిపిస్తుంది. హైదరాబాద్ రాడార్ మరమ్మతుకు ఆగిన రోజున, లేదా దాని ఫైలు ఆలస్యమైన పూట చూడండి. మచిలీపట్నం నుంచి మహబూబ్‌నగర్ దాదాపు 340 కిలోమీటర్లు. 250 కిలోమీటర్ల పరిధిలో లేదు కాబట్టి అక్కడ నోడేటా ఉండాలి. మీ ఫైలు మాత్రం 0, అంటే వాన లేదు అని చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కొనుగోలు కేంద్రాల్లో వడ్లు ఆరబోసిన వాళ్లు ఆ తెల్లటి బొమ్మ చూసి టార్పాలిన్లు కప్పరు. తడిసిన వడ్లకు తర్వాత ఎవరు జవాబు చెబుతారు?

ఇదే తప్పు జియోటిఫ్‌లోకి మార్చేటప్పుడు ఇంకో దారిలో వస్తుంది. అందులో ఒక బ్యాండుకు ఒక్క నోడేటా విలువే ఉంటుంది. 0నే నోడేటా అని రాస్తే ఎండగా ఉన్న గంటలన్నీ లెక్కలోంచి పోతాయి, వాన పడిన గంటల సగటే మిగిలి నెల సగటు బాగా పెరిగిపోతుంది.

సరిచేయాలంటే, కలపడానికి ముందే ముడి అంకెలను డీబీజెడ్‌లోకి మార్చండి. నోడేటాను నాన్‌గా (అంకె లేదు అనే గుర్తు), అన్‌డిటెక్ట్‌ను -32గా పెట్టి, నాన్‌ను పక్కనపెట్టే గరిష్ఠం తీయండి. అప్పుడు ఒక్క రాడార్ చూసినా ఆ విలువ నిలుస్తుంది, ఎవరూ చూడని చోట మాత్రమే నాన్ మిగులుతుంది. రాసేటప్పుడు జియోటిఫ్‌లో 255 ఒక్కటే నోడేటా అని ప్రకటించండి, 0ని మామూలు విలువగా వదిలేయండి. గ్రిబ్2లో (వాతావరణ డేటా ఫైళ్లలో మరో రకం) నోడేటాను బిట్‌మ్యాప్‌లో, అంటే ఏ చోట విలువ ఉందో లేదో చెప్పే పట్టికలో పెట్టండి. నెట్‌సీడీఎఫ్‌లో ఫిల్‌వాల్యూ (విలువ లేని చోట పెట్టే అంకె) నోడేటాకు మాత్రమే. రాడార్ చూడని ప్రాంతాన్ని తెల్లగా కాకుండా బూడిద రంగులో చూపించండి. ఏయే రాడార్లు కలిశాయో ఓడిమ్‌లో నోడ్స్ అనే చోట రాయండి. తీసుకునేవాళ్లకు అది కనిపించాలి.

సరైందో లేదో తేల్చుకోవడానికి హైదరాబాద్ ఫైలును కావాలనే తీసేసి స్క్రిప్టు మళ్లీ నడపండి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ బూడిద రంగులోకి మారాలి. తెల్లగానే ఉంటే తప్పు ఇంకా లోపలే ఉంది. కొత్తగా ఎవరికైనా ఫైలు ఇచ్చే ముందు ఈ పరీక్ష తప్పకుండా చేయండి.

నల్లగొండ సంగతి ఇంకాస్త చిక్కు. మచిలీపట్నం నుంచి సుమారు 220 కిలోమీటర్లు కాబట్టి పరిధిలోనే ఉంటుంది, బూడిద రంగు రాదు. కానీ 0.5 డిగ్రీల కోణంలో వెళ్లే కిరణం అక్కడికి చేరేసరికి దాదాపు 5 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. వేసవి ఉరుముల మబ్బు దొరుకుతుంది. వానాకాలంలో కిందగా ఉండే మబ్బుల ముసురు దొరకదు. అందుకే కిరణం ఎత్తును రెండో బ్యాండుగా, లేదా ఓడిమ్‌లో క్వాలిటీ పొరగా జత చేయండి. హైదరాబాద్ లేని రోజు నల్లగొండలోని 0ని ఎంతవరకు నమ్మాలో దాంతో తెలుస్తుంది.

మిగతావి అరుదు. సగటు కాంపోజిట్ చేసేవాళ్లు డీబీజెడ్‌ను నేరుగా సగటు చేయకూడదు, ముందు జెడ్‌లోకి (లాగరిథం తీయని అసలు ప్రతిధ్వని విలువ) మార్చాలి. వైఫై సిగ్నళ్ల వల్ల బొమ్మ మీద పడే గీతలు సీ-బ్యాండ్ రాడార్ల బాధ, మన రెండు రాడార్లూ వేరే పౌనఃపున్యంలో నడిచే ఎస్-బ్యాండ్. జిఫ్ బొమ్మలోని రంగుల నుంచి అంకెలు లాగాలని మాత్రం చూడకండి. రంగుకు ఒక శ్రేణి ఉంటుంది గానీ ఒక విలువ ఉండదు, మీద గీసిన సరిహద్దు గీతల కింద ఏముందో అసలే రాదు. అంకెలున్న ఫైలు అడిగి తీసుకోండి.