గరగర ఎక్కడిదో పట్టాలంటే ఇన్వర్టర్ కూడా ఆపండి

హామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు) వింటున్నప్పుడు గరగర ఎక్కువైతే వెంటనే యాంటెన్నాను తిట్టుకోకండి. రిగ్గును (మన రేడియో సెట్టును) 12 వోల్టుల బ్యాటరీకి మార్చి, ఇంటి మెయిన్ దించేయండి. మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇక్కడే తిరకాసు: మెయిన్ పోగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, దాని గోల వేరే! దాన్నీ ఆపాకే వినండి. గరగర పోయిందా, దొంగ ఇంట్లోనే ఉన్నట్టు. ఎంసీబీలన్నీ (బోర్డులోని ఒక్కో లైను స్విచ్‌లు) దించి, మెయిన్ వేసి, ఒక్కొక్కటే ఎత్తుతూ గరగర ఎప్పుడు తిరిగొస్తుందో వినండి. ఎక్కువగా దొరికేది చవక ఎల్‌ఈడీ బల్బో, ఫోన్ చార్జరో. మార్చేయడమే మేలు. రౌటర్ అడాప్టర్ లాంటిదైతే వైరును ఫెరైట్ రింగుకు (గోలను అడ్డుకునే అయస్కాంత పదార్థపు ఉంగరానికి) ఏడెనిమిది చుట్లు చుట్టండి. ఒక్కసారి దూర్చితే హెచ్‌ఎఫ్‌లో (40 మీటర్ల లాంటి షార్ట్‌వేవ్ బ్యాండ్లలో) పెద్దగా ఫలితం ఉండదు. అన్నీ ఆపినా గోల తగ్గకపోతే, చిన్న ఏఎం రేడియోను ఏ స్టేషనూ పలకని చోటికి ట్యూన్ చేసి, చేత పట్టుకుని, గరగర ఎక్కడ పెరుగుతుందో వింటూ లిఫ్టు మోటారు గది దాకా ఓసారి వెళ్లి రండి.